రెండు ప్రోగ్రామింగ్ భాషల సంధి: కన్సోల్ కాల్‌బ్యాకుల నిర్వహణ

భాషాపరిశోధనలో పదములను లెక్కించుటకు రెండు ప్రోగ్రామింగ్ భాషలను కలిపి వాడుట కలదు. 1991లో గైడో వాన్ రోసమ్ వెలువరించిన పైథాన్ పాఠములను విడదీయుటకు అనుకూలము. ఆక్లండ్ విశ్వవిద్యాలయమున రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ రూపొందించిన ఆర్ గణాంకశాస్త్రమునకై పుట్టినది. ఆర్‌పీవై2 అను సాధనము ఆర్‌ను పైథాన్‌లో నిలిపి నడపును. ఈ కలయికలో కన్సోల్ ఎవరిదను ప్రశ్న చిన్నదిగా తోచును. కాని లెక్క నిజమగుటయు కాకుండుటయు దానిపై ఆధారపడియుండును.

కన్సోల్ అనగా ప్రోగ్రాము తన మాటలను వ్రాసి, మన మాటలను చదువు స్థలము. ఆర్ ఒంటరిగా నడచునపుడు అది దాని సొంతము. పైథాన్ ఇంట అతిథియైనపుడు అది నేరుగా వ్రాయదు. గృహస్థు ముందుగా అప్పగించిన ప్రమేయమును పిలిచి, వ్రాయవలసినదానిని దానికి అందించును. ఇట్లు ఒక భాష మరియొకదానికి ఇచ్చి, సమయము వచ్చినపుడు పిలిపించుకొను ప్రమేయమే కాల్‌బ్యాక్. ఆర్‌పీవై2లో సామాన్య ఫలితములకు కన్సోల్‌రైట్_ప్రింట్, హెచ్చరికలకును దోషములకును కన్సోల్‌రైట్_వార్న్‌ఎర్రర్ అనునవి కలవు. వీనిని మనము మార్చుకొనవచ్చును.

ప్రమాదమును ఇచ్చటనే కలదు. సందేశములు తెరను నింపుచుండుటచే, మేమొకప్పుడు రెండవదాని స్థానమున ఏమియు చేయని ప్రమేయము నుంచితిమి. మా పట్టికలో కొన్ని సంఖ్యలు ౧౨, ౪౫ అని తెలుగు అంకెలలో ఉండెను. పైథాన్ వీనిని 12, 45 అని గ్రహించును. ఆర్ గ్రహింపదు, ఆ చోట విలువ లేదను గుర్తుగా ఎన్‌ఏ నుంచి, ఒక హెచ్చరిక పలుకును. ఎన్‌ఏలను విడిచి కూడుమని మేమే ఆదేశించితిమి గావున మొత్తము నిర్దుష్టముగా కనబడెను. ౧౨, 30, ౪౫ లను కూడిన 87 రావలసినచోట 30 మాత్రమే వచ్చును! ఆర్ చెప్పనే చెప్పినది; మేము వినలేదు.

కావున మూడు నియమములను సూచించుచున్నాము. మొదటిది: ఫలితములను, హెచ్చరికలను వేర్వేరుగా భద్రపరుపవలెను. హెచ్చరికలు తెరపై వలదన్నచో జాబితాలో చేర్చి, పని ముగిసిన పిదప తప్పక చదువవలెను. రెండవది: మార్పునకు ముందు పూర్వప్రమేయమును దాచి, పని సాంతమైనను, నడుమ ఆగినను, దానిని మరల నిలుపవలెను. మూడవది: కాల్‌బ్యాకును చిన్నదిగా వ్రాసి, అందు దోషము పుట్టకుండ చూచుకొనవలెను. రెండు భాషల నడుమ సీ భాషలో వ్రాసిన పొర యొకటి కలదు. పైథాన్ దోషసంకేతము దానిని దాటి పోజాలదు.

మేము పూర్వప్రమేయమును మరల నిలిపి, హెచ్చరికను చదివి, తెలుగు అంకెలను ముందే పైథాన్‌చే మార్పించి, ఆ లెక్కను మొదటినుండి చేసితిమి.