ముస్తఫా తిరిగొస్తాడా? సంతకాలు లెక్కపెట్టి చూద్దాం

తొంభైల్లో మన ఊళ్ల వీడియో గేమ్ పార్లర్లలో ఆడినవాళ్లని 'క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్' గుర్తుందా అని అడిగితే కాసేపు ఆలోచిస్తారు. 'ముస్తఫా గేమ్' అనండి, ముఖం విప్పారుతుంది. ఇరుకు గది, జేబులో నాలుగు బిళ్లలు, జాయ్‌స్టిక్ కోసం తోపులాట. తెర మీద నలుగురు వీరులున్నా అందరికీ ముస్తఫాయే కావాలి, పరిగెత్తుకొచ్చి గాల్లోకి లేచి తన్నే ఆ తన్ను కోసం. జపాన్‌కు చెందిన క్యాప్‌కామ్ ఆ ఆటను 1993లో తయారుచేసింది. అప్పటి పిల్లలు ఇప్పుడు నలభైల్లో ఉన్నారు. డబ్బు పెట్టి కొనుక్కోగలరు, కొనుక్కోవాలనీ ఉంది. క్యాప్‌కామ్ 2018లో ఇలాంటి కొట్లాట ఆటలే ఏడింటిని కట్టగట్టి డిజిటల్ స్టోర్లలో పెట్టింది. అందులో ముస్తఫా లేడు. 2024లో ఇంకో ఏడు తెచ్చింది. అందులోనూ లేడు.

ఏ పాత గేమ్ మళ్లీ అమ్మకానికి వస్తుంది, ఏది రాదు అని ఊహించడం అభిమానులకు పెద్ద కాలక్షేపం. చాలామంది ఆ ఆటను ఎంతమంది ప్రేమిస్తున్నారో చూసి ఊహిస్తారు. అందుకే ఊహ తప్పుతుంది. నన్నడిగితే ముందు లెక్కపెట్టాల్సింది అభిమానుల్ని కాదు, ఆ ఆట బయటికి రావడానికి ఎందరి సంతకాలు కావాలో వాటిని.

అసలు ఎన్ని ఆటలు కనబడకుండా పోయాయో ముందు చూద్దాం. అమెరికాలోని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్, సాఫ్ట్‌వేర్ ప్రిజర్వేషన్ నెట్‌వర్క్ కలిసి 2023 జులైలో ఒక అధ్యయనం వెలువరించాయి. 2010కి ముందు అమెరికాలో విడుదలైన గేమ్‌లలో నూటికి 87 ఇప్పుడు ఎక్కడా అమ్మకంలో లేవని తేలింది. మీ నాన్నగారికి ఇష్టమైన నూరు పాత పాటలు కాగితం మీద రాసుకుని వెతికితే పదమూడే దొరికాయనుకోండి, అలా ఉంది పరిస్థితి. ఏ కాలం ఆటలు తీసుకున్నా దొరికేవి నూటికి 20 దాటలేదు. కమొడోర్ 64 అనే పాత ఇంటి కంప్యూటర్ ఆటలైతే నూటికి అయిదు కూడా లేవు.

మరి మిగతావన్నీ నాశనమైపోయాయా? లేదు. పాత క్యాసెట్లలో, సేకరించేవాళ్ల అల్మారాల్లో, దొంగ కాపీల్లో ఉన్నాయి. డబ్బిచ్చి సక్రమంగా కొనుక్కునే దారి మాత్రం మూసుకుపోయింది. 2023 మార్చి 27న నింటెండో తన 3డీఎస్, వీ యూ మెషీన్ల ఆన్‌లైన్ దుకాణాల్లో అమ్మకం ఆపేసినప్పుడు, డిస్కు మీద ఎప్పుడూ రాని ఎన్నో ఆటలకు ఆ ఉన్న దారి కూడా పోయింది.

పాత ఆటల్ని కొత్త మెషీన్లకు ఎక్కించడం కష్టం కాబట్టి తేవడం లేదేమో అని మీకు అనిపించవచ్చు. ఆ కష్టం మనం అనుకున్నంత పెద్దది కాదు. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్ మొత్తం ఆట 40 కేబీ. పొద్దున్నే వాట్సాప్‌లో వచ్చే శుభోదయం ఫోటో ఒక్కటే దానికన్నా బరువుంటుంది. ఎమ్యులేటర్ అని ఒక ప్రోగ్రామ్ ఉంటుంది. కొత్త కంప్యూటర్ లోపల కూర్చుని, పాత మెషీన్ ఎలా ప్రవర్తించేదో అచ్చం అలాగే ప్రవర్తించడం దాని పని. ఆటకు తేడా తెలియదు, హాయిగా నడుస్తుంది. అన్నీ ఇంత తేలిక కాదు. కింగ్‌డమ్ హార్ట్స్‌ను 2013లో కొత్త రూపంలో తేవాల్సి వచ్చినప్పుడు మొదటి ఆట తాలూకు అసలు ఫైళ్లు పోయాయని తెలిసింది, చాలా భాగం మళ్లీ కట్టుకోవాల్సి వచ్చింది. అయినా ఇంజనీర్ దగ్గర ఆగిపోయే ఆటల కంటే లాయర్ దగ్గర ఆగిపోయేవే ఎక్కువ.

ఎందుకో చిన్న లెక్కతో చూపిస్తాను. అడిగితే ఒప్పుకునే అవకాశం ఒక్కో హక్కుదారు దగ్గర నూటికి 80 అనుకుందాం. ఇది అర్థం కావడానికి మనం పెట్టుకున్న అంకె మాత్రమే, మంచి ఉదారమైన అంకె. ఒక్కరే హక్కుదారు అయితే ఆట వచ్చే అవకాశం 80. ఇద్దరైతే 64కి దిగుతుంది, ముగ్గురైతే 51కి. అయిదుగురు ఉంటే 33. ఎవరూ మొండివాళ్లు కానక్కర్లేదు, అందరూ మంచివాళ్లే అయినా మూడింట రెండు వంతులు ఆగిపోతుంది. తాతగారి పొలం అమ్మాలంటే వారసులందరూ ఒకే రోజు రిజిస్ట్రార్ ఆఫీసుకి రావాలి కదా, ఇదీ అంతే.

ఆ పొలం కథకి సరిగ్గా సరిపోయే ఆట 'నో వన్ లివ్స్ ఫరెవర్'. 2000లో వచ్చిన గూఢచారి ఆట, ఈనాటికీ అడిగేవాళ్లున్నారు. తయారుచేసిన మోనోలిత్ స్టూడియో తర్వాత వార్నర్ చేతిలోకి వెళ్లింది. ప్రచురించిన ఫాక్స్ ఇంటరాక్టివ్ వివెండికి, అక్కడి నుంచి యాక్టివిజన్‌ గూటికి చేరింది. ఫాక్స్ పేరు మూడో కొసన ఉంది. పాత ఆటల్ని బతికించడమే పనిగా పెట్టుకున్న నైట్‌డైవ్ స్టూడియోస్ 2014లో ఈ ముగ్గురి చుట్టూ తిరిగింది. ఎవరి వాటా ఎంతో తేలలేదు, వార్నర్ ఒప్పుకోలేదు. ఆట ఆగిపోయింది.

అదే నైట్‌డైవ్ పుట్టుక చూస్తే మాత్రం ఆశ కలుగుతుంది. స్టీఫెన్ కిక్ అనే గేమ్ కళాకారుడు 2012లో మధ్య అమెరికాలో ప్రయాణిస్తూ, తనకిష్టమైన 1999 నాటి 'సిస్టమ్ షాక్ 2' ఆడుకోబోయాడు. కొత్త ల్యాప్‌టాప్‌లో అది నడవలేదు. కొందామంటే ఎక్కడా అమ్మడం లేదు. హక్కులు ఎవరివని ఆరా తీస్తే ఒక ఇన్సూరెన్స్ కంపెనీ దగ్గర తేలాయి! ఆట చేసిన లుకింగ్ గ్లాస్ స్టూడియో 2000లో మూతపడ్డాక, గేమ్‌లతో ఏ సంబంధమూ లేని ఆ కంపెనీకి దాని ఆస్తి చేరింది. అతను వెళ్లి అడిగాడు, బేరం కుదిరింది. 2013 ఫిబ్రవరిలో ఆ ఆట జీఓజీ స్టోర్‌లోకి వచ్చింది. పోలండ్ కంపెనీ సీడీ ప్రాజెక్ట్ 2008లో మొదలుపెట్టిన ఈ స్టోర్ పేరుకి అర్థమే 'మంచి పాత ఆటలు'. అక్కడ అభిమానులు ఏళ్ల తరబడి అడుగుతున్న ఆట అది. అంతమంది అడిగినా కదలనిది, ఒక మనిషి సరైన తలుపు కనిపెట్టి తట్టాక కదిలింది.

అంటే అభిమానుల ఓట్లు దండగా? కాదు. జీఓజీ 2025 జనవరిలో ఏ ఆటలు కావాలో కోరుకునే పట్టికను కొత్తగా తెరిచినప్పుడు, జనం ఎంతోకాలంగా అడుగుతున్న డైనో క్రైసిస్ రెండు భాగాలనూ అమ్మకానికి పెట్టింది. కానీ ఆ ఆట ఎవరిదో గమనించండి. క్యాప్‌కామ్ సొంత కథ, సొంత పాత్రలు. ఒకే సంతకం. అదే క్యాప్‌కామ్ 1996 నాటి మొదటి రెసిడెంట్ ఈవిల్‌తో మొదలుపెట్టి ఆ వరసలో మొదటి మూడింటినీ 2024లో అదే స్టోర్‌లో పెట్టింది కాబట్టి, తర్వాత వంతు డైనో క్రైసిస్‌దని ఊహించడానికి జాతకం చూడనక్కర్లేదు. ఓటు వల్ల ఆ సంతకం త్వరపడుతుంది, అంతే. లేని సంతకాన్ని ఓటు పుట్టించలేదు.

ఒకసారి సంతకం పడితే ఇక శాశ్వతమే కదా అంటారా? అక్కడా చిక్కుంది. సంతకానికి గడువుంటుంది. అలన్ వేక్ అనే ఆట 2017 మేలో స్టోర్ల నుంచి మాయమైంది. కారణం అందులోని పాటల లైసెన్స్ తీరిపోవడం. అద్దె ఒప్పందం తిరగరాసుకున్నట్టు దాన్ని తిరగరాసుకుని 2018 అక్టోబర్‌లో మళ్లీ వచ్చింది. మెటల్ గేర్ సాలిడ్ రెండు, మూడు భాగాలైతే లోపల వాడిన పాత చారిత్రక ఫిల్మ్ ముక్కల హక్కుల కోసం 2021 నవంబర్‌లో దిగిపోయి, 2023 అక్టోబర్‌లో కొత్త సంకలనంగా తిరిగొచ్చాయి. కాబట్టి ఒక ఆట వెనక్కి వస్తుందా అని ఊహించేటప్పుడు అందులో వినబడే పాటలు, తెర మీద కనబడే నిజమైన కార్లు, సినిమా ముఖాలు కూడా లెక్కలోకి తీసుకోండి. ఒక్కొక్కటీ ఒక్కో సంతకమే.

1997 నాటి గోల్డెన్‌ఐ 007 మళ్లీ రావడానికి పాతికేళ్లు ఎందుకు పట్టిందో దీన్నిబట్టే తెలుస్తుంది. ప్రచురించింది నింటెండో. తయారుచేసిన రేర్ స్టూడియోను 2002లో మైక్రోసాఫ్ట్ 37.5 కోట్ల డాలర్లకు కొనేసింది, అంటే నింటెండోకి నేరుగా పోటీదారు. జేమ్స్ బాండ్ హక్కులు సినిమా వాళ్లవి. చివరికి 2023 జనవరి 27న నింటెండో స్విచ్ మీదా, ఎక్స్‌బాక్స్ మీదా ఒకే రోజు విడుదలైంది. కానీ ఆన్‌లైన్‌లో కలిసి ఆడే వీలు స్విచ్‌లో మాత్రమే ఉంది. ఏ గది ఎవరికి అని ఇల్లు పంచుకున్నట్టు సౌకర్యాలు కూడా పంచుకున్నారన్నమాట.

ఇక డబ్బు సంగతి. పాత ఆటను 500 రూపాయలకు అమ్ముతున్నారనుకుందాం. స్టోర్ సాధారణంగా నూటికి 30 ఉంచుకుంటుంది, అంటే 150. మిగిలిన 350లోంచే అందరూ పంచుకోవాలి. లాయర్లు, ఇంజనీర్లు, హక్కుదారుల అడ్వాన్సులు కలిపి ఖర్చు 35 లక్షలు అయిందని లెక్క వేసుకుంటే, అది రాబట్టడానికే 10,000 కాపీలు అమ్మాలి. సగం ధరకి తగ్గింపు పెట్టిన రోజున ఆ సంఖ్య 20,000 అవుతుంది. ఖర్చు ఒక ఆట మీదే పడకుండా ఏడు ఆటల మీద పరిస్తే ఒక్కోదాని వాటా 5 లక్షలే. సంకలనాల కిటుకు ఇదే.

ఇప్పుడు మళ్లీ మన ముస్తఫా దగ్గరికి వద్దాం. ఆ రోజుల్లో క్యాప్‌కామ్ వేరేవాళ్ల కథలు తీసుకుని చేసిన కొట్లాట ఆటల్లో మూడింటిని చూడండి: 1993లో ది పనిషర్, క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్, 1994లో ఏలియన్ వర్సెస్ ప్రెడేటర్. 2018 కట్టలో ఈ మూడూ లేవు. పనిషర్ 2024లో వచ్చేశాడు. ఎందుకంటే అతను మార్వెల్ పాత్ర. మార్వెల్‌తో ఒక్క ఒప్పందం కుదరగానే ఏడు ఆటలు తలుపు దాటాయి, వాటిలో అతనూ ఒకడు. ఏలియన్ వర్సెస్ ప్రెడేటర్‌కి 2019లో దొడ్డిదారి దొరికింది. 16 ఆటలు లోపల అమర్చి, రెండు జాయ్‌స్టిక్‌లతో క్యాప్‌కామ్ పేరుతో అమ్మిన దాదాపు 230 యూరోల పెట్టెలో అది ఉంది. మూడోదే మిగిలిపోయింది.

దాని సంతకాలు ఎన్ని? ఆట క్యాప్‌కామ్‌ది. జాక్, హన్నా, ముస్తఫా, ఆ డైనోసార్ల లోకం అంతా మార్క్ షుల్జ్ అనే అమెరికన్ చిత్రకారుడి జినోజాయిక్ టేల్స్ కామిక్ నుంచి వచ్చింది. క్యాడిలాక్ అనే పేరు జనరల్ మోటార్స్ కార్ల కంపెనీ సొత్తు. మూడు సంతకాలు. మన లెక్కలో 51, మరీ నిరాశపడేంత తక్కువేమీ కాదు. అసలు అడ్డంకి ఇంకో చోట ఉందని నా అభిప్రాయం. మార్వెల్‌తో బేరమాడితే ఏడు ఆటలు, ముందు ముందు సినిమాల సందడి కూడా తోడు. ఈ కామిక్ హక్కుల కోసం కూర్చుంటే దక్కేది ఒకే ఒక్క ఆట. ఖర్చు పంచుకోవడానికి తోడు లేని ఆట ఇది. దీని మీద పిచ్చి ప్రేమ ఉన్నవాళ్లలో చాలామంది మన దేశంలోనే ఉన్నారని జపాన్‌లోని లెక్కల బల్ల మీదికి ఎప్పుడైనా చేరిందో లేదో అని నాకు నిజంగానే బెంగ. పార్లర్లో మనం వేసిన బిళ్లలు ఏ కంపెనీ ఖాతాలోనూ మన పేరుతో నమోదు కాలేదు.

వస్తున్నదన్న వార్త నిజమో కాదో ఎలా పోల్చుకోవాలి? ఎవరో తెలిసినవాళ్లు చెప్పారట అన్నదానికి విలువ ఇవ్వకండి. ఎవరైనా డబ్బు ఖర్చు పెట్టిన ఆనవాలు కోసం చూడండి. కొరియా, ఆస్ట్రేలియా వంటి దేశాల్లో, మన సెన్సార్ బోర్డు లాగా, ఆటలకు వయసు ముద్ర వేసే సంస్థలున్నాయి. అక్కడ పాత ఆట పేరు కొత్తగా కనబడితే ఎవరో దరఖాస్తు రుసుము కట్టారని అర్థం. గోల్డెన్‌ఐ విషయంలో 2022 జనవరిలోనే, ఆడేవాళ్లు గెలుచుకునే ఎక్స్‌బాక్స్ అచీవ్‌మెంట్ల జాబితా బయటపడింది, ఆట ఏడాది తర్వాత వచ్చింది. ట్రేడ్‌మార్క్‌ను తిరిగి నమోదు చేసుకోవడం మాత్రం బలహీనమైన గుర్తు. వాడని స్థలానికి కూడా పన్ను కట్టి ఉంచుకునేవాళ్లు ఉంటారు కదా.

ఎవరూ సంతకం పెట్టకపోతే చివరికి చట్టమే విడిపిస్తుందా? విడిపిస్తుంది, కానీ తేదీ చూడండి. కంపెనీ పేరు మీద చేసిన పనికి అమెరికా చట్టంలో కాపీరైట్ ప్రచురణ నుంచి 95 ఏళ్లు. 1993కి 95 కలిపితే 2088. ఆ ఏడాది ముగిసి, 2089 జనవరి 1న, క్యాప్‌కామ్ హక్కు మేరకు, ఆ ఆట అక్కడ అందరిదీ అవుతుంది. 1993లో పదేళ్ల వయసులో పార్లర్ మెట్లెక్కి ముస్తఫాని ఎంచుకున్న పిల్లాడికి ఆ రోజుకి 105 ఏళ్లు దాటి ఉంటాయి.