యాప్‌లో 130 ఉంటే బూస్ట్ 1.3 బార్ కాదు!

ఈ ఎపిసోడ్ నేను చేసిన ఒక లెక్క తప్పు గురించి.

మాది దర్శి వైపు. మా బాబాయికి టర్బో డీజిల్ పికప్ ఉంది. సీజన్‌లో మిర్చి టిక్కీలు వేసుకుని గుంటూరు యార్డుకి తిరుగుతుంటాడు. ఒకరోజు ఫోన్ చేసి, "ఒరేయ్, లోడ్ వేస్తే బండి లాగట్లేదు, నువ్వు బీటెక్ చదివావు గదా, ఏందో చూడరా" అన్నాడు. నా దగ్గరున్న బ్లూటూత్ ఓబీడీ ముక్క పెట్టి, ఫోన్‌లో యాప్ ఓపెన్ చేసి, ఫుల్ యాక్సిలరేటర్ తొక్కించాను. మ్యానిఫోల్డ్ ప్రెషర్ 130 కిలోపాస్కల్. 100 కిలోపాస్కల్స్ అంటే 1 బార్, 1 బార్ అంటే 14.5 పీఎస్ఐ. అంటే 1.3 బార్, దాదాపు 19 పీఎస్ఐ! "టర్బో సూపర్‌గా ఉంది బాబాయ్, డీజిల్ ఫిల్టర్ మార్పించు" అని చెప్పేశాను.

గుణకారం కరెక్టే. సున్నా ఎక్కడ మొదలవుతుందో చూసుకోలేదు, అంతే.

టైర్ పంక్చరై నేలకి అతుక్కుపోయినా గాలి మీటర్ 0 చూపిస్తుంది గదా? లోపల గాలి అసలు లేదని కాదు, బయట ఎంత ప్రెషర్ ఉందో లోపలా అంతే ఉంది. మీటర్ బయట గాలిని వదిలేసి మిగతాదే చెబుతుంది. బూస్ట్ అన్నా అదే, బయట గాలి కంటే ఎంత ఎక్కువ అని. కానీ ఓబీడీలో వచ్చే ఆ నంబర్ అబ్సల్యూట్, బయట గాలి కూడా అందులో కలిసే ఉంటుంది. మన వైపు అదే సుమారు 100 కిలోపాస్కల్స్. తీసేస్తే మిగిలింది 30. అంటే 0.3 బార్, 4.4 పీఎస్ఐ. పాపం టర్బో గాలి ఎటో పోతోంది!

ఫిల్టర్ మార్చాక కూడా నాలుగు ట్రిప్పులు అలాగే ఈడ్చాడు, డీజిల్ తాగుతూ. చివరికి చిలకలూరిపేటలో ఒక మెకానిక్ చెయ్యి పెట్టి చూస్తే ఇంటర్‌కూలర్ పైపు క్లిప్పు దగ్గర చీలి ఉంది. పైపు మార్చాక యాప్‌లో 220 వచ్చింది. 100 తీసేస్తే 1.2 బార్, 17.4 పీఎస్ఐ. నాకప్పుడు గుర్తొచ్చింది, బండి ఐడిల్‌లో ఉన్నప్పుడు కూడా యాప్ 100 చూపించింది. ఐడిల్‌లో 1 బార్ బూస్ట్ ఎక్కడిది? అక్కడే డౌట్ రావాల్సింది నాకు.

మీరు చేయాల్సింది చిన్న పని. కీ ఆన్ చేసి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఆ నంబర్ చూడండి. అదే మీ ఊరి గాలి. హైదరాబాద్‌లో అయితే 95 దగ్గర ఉంటుంది, ఎత్తు గదా. ఫుల్ లోడ్‌లో వచ్చిన దాంట్లోంచి అది తీసేసి, ఆ తర్వాతే 100తో భాగించి బార్, 14.5తో గుణించి పీఎస్ఐ. డ్రిప్ ఫిల్టర్ దగ్గర గేజ్ మీద కనిపించే కేజీ పర్ సెంటీమీటర్ స్క్వేర్ కూడా బార్‌కి 2 శాతం తేడాలోనే ఉంటుంది, చేతి లెక్కకి రెండూ ఒకటే అనుకోండి.

ఇంకోటి, ఇది కోడింగ్ వాళ్లకి నచ్చుతుంది. ఓబీడీలో మామూలుగా ఈ రీడింగ్‌కి ఇచ్చింది ఒక్క బైట్. అందుకే 255 దాటదు. మీ బండి 255 దగ్గర ఆగిపోతే, అసలు ప్రెషర్ అంతకంటే ఎక్కువే ఉండొచ్చు.

బాబాయి కూడా ఆ ఓబీడీ ముక్క కొనుక్కున్నాడు. మొన్న ఫోన్ చేసి, "తీసేశాకే చెప్తున్నా రా, 118" అన్నాడు.