తుపాను నాటి దీపం: జనరేటరు సంరక్షణ

2024 జూలై 8వ తేదీన బెరిల్ తుపాను టెక్సస్ తీరాన్ని తాకినప్పుడు హ్యూస్టన్ పరిసరాలలో ఇరవై లక్షలకు పైగా విద్యుత్ వినియోగదారులు చీకటిలో మునిగిపోయారు. కొందరికి వారం దాటినా వెలుగు రాలేదు. ఆ వేసవి తాపంలో ఫ్రిజ్‌లోని ఇన్సులిన్‌ను, ఇంటిలోని వృద్ధులను కాపాడగలిగేది జనరేటరే. అయితే నెలల తరబడి గ్యారేజీలో మూలపడిన యంత్రం సరిగ్గా అవసరం వేళకే మొరాయించడం కద్దు.

దీనికి మొదటి కారణం పాత ఇంధనం. అమెరికాలో ‘గ్యాసు’ అని వ్యవహరించే పెట్రోలు నిలువ ఉన్నకొద్దీ ఆక్సీకరణం చెంది జిగురుగా మారి, కార్బురేటరులోని సన్నని రంధ్రాలను మూసివేస్తుంది. అందులో సాధారణంగా కలిసి ఉండే పది శాతం ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకొంటుంది. కనుక దీర్ఘకాలం దాచదలచినవారు ట్యాంకును, కార్బురేటరును పూర్తిగా ఖాళీ చేయాలి. లేదా స్టెబిలైజరు కలిపిన తాజా పెట్రోలు పోసి, నెలకొకసారి కొంతసేపు నడుపుతూ ఉండాలి.

రెండవది ఇంజను ఆయిలు. రాత్రింబవళ్ళు నడిచే జనరేటరుకు నాలుగు రోజులలో 96 గంటలు నిండుతాయి. కారు గంటకు 60 మైళ్ళ వేగంతో అన్ని గంటలు నడిస్తే 5,760 మైళ్ళు పోతుంది! కారుకు ఆయిలు మార్చే వేళ దాదాపు వచ్చినట్లే. పైగా చిన్న జనరేటరులో పట్టే ఆయిలు ఒక క్వార్టుకు అటూ ఇటూ మాత్రమే. చాలా వాటిలో ఆయిలు ఫిల్టరు కూడా ఉండదు. ఆయిలు తగ్గితే లోహభాగాలు ఒరుసుకొని ఇంజను పట్టివేస్తుంది. అందువలన పెట్రోలు పోసిన ప్రతిసారీ ఇంజను ఆపి, ఆయిలు మట్టం చూడాలి. తయారీదారు చెప్పిన గంటలకు తప్పక మార్చాలి. గాలి ఫిల్టరును శుభ్రపరచడమూ మరువరాదు.

మూడవది భారం. ఏ పరికరమూ తగిలించకుండా ఇంజనును ప్రారంభించి, వేగం నిలకడ పొందిన పిదప ఒక్కొక్కటిగా కలపాలి. ఫ్రిజ్ వంటి మోటారు పరికరాలు మొదలయ్యే క్షణంలో మామూలుకన్నా అనేక రెట్లు విద్యుత్తును గుంజుతాయి. ఆపేటప్పుడు భారం తొలగించి, కొద్ది నిమిషాలు ఊరక నడపాలి. ఇంజను చల్లారిన తరువాతనే పెట్రోలు పోయాలి.

యంత్రం కన్న ప్రాణం మిన్న. పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. జనరేటరును గ్యారేజీలో తలుపు తెరచి కూడా నడుపరాదు. ఇంటికి కనీసం 20 అడుగుల దూరాన ఆరుబయట ఉంచాలి. ట్రాన్స్‌ఫర్ స్విచ్ లేకుండా ఇంటి వైరింగుకు కలిపితే, ఎదురు ప్రవహించిన విద్యుత్తు వీధిలో మరమ్మతు చేసే కార్మికుని బలిగొనవచ్చు.

ఇల్లు కాలుతున్నప్పుడు బావి త్రవ్వడం వృథా. జనరేటరు సంరక్షణకు తగిన కాలం తుపాను లేని ప్రశాంత దినమే.