పికప్ బండి ముందు కమాన్లు - కల్లములోనే మరమ్మతు

ఎద్దుబండి ఇరుసుకు కందెన పెట్టకుండ ఊరి పొలిమేర దాటుట మన పెద్దలకు అలవాటు లేదు. ఆముదములో గడ్డి మసి కలిపిన ఆ కందెన బండితోపాటే ప్రయాణము చేయుచుండెడిది. నేడు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలలో ఎద్దుబండి పని చాలవరకు పికప్ బండ్లకు వచ్చినది. వేరుశనగ మార్కెట్ యార్డుకు పోవలెనన్నా, వడ్లు కొనుగోలు కేంద్రమునకు చేరవలెనన్నా, ఎరువు చేనికి రావలెనన్నా అవియే దిక్కు. కాని దాని పిన్నులకు కందెన పెట్టువారు అరుదు. ఇంజను ఆయిలు మార్చుదురు, ముందు నిమ్మకాయలు, మిరపకాయలు కట్టుదురు. ముందు చక్రముల వెనుకనున్న పిన్నులు, బుష్షులు మాత్రము చప్పుడు చేసిననాడే జ్ఞాపకమునకు వచ్చును.

మొన్నటి వానాకాలమున గట్టు మండలములో విత్తన పత్తి చేలు చూడబోయితిని. ఒక రైతు వేపచెట్టు క్రింద తన బండి ఎడమ ముందు చక్రమును ఊడదీసి, జాకీ మీద బండిని నిలిపి, నడుము వరకు దాని క్రింద దూరి పనిచేయుచుండెను. జాకీ క్రింద ఒక నాపరాయి ముక్క, దాని క్రింద వానకు నానిన చెలక. మేము మాటలాడుచుండగనే రాయి ఒక ప్రక్కకు దిగెను. ఆయన బయటకు జరుగుటయు, బండి నేలను తాకుటయు ఒక్కసారిగ జరిగెను. కాలు దక్కినది. తరువాత చూడగా ఆయన వేసిన బుష్షులో ఏ లోపమును లేదు. పని తెలిసినవాడే. చోటు, ఆధారము ఎంచుకొనుటలో పొరపడినాడు. ఈ వ్యాసము వ్రాయుటకు ఆ సంఘటనయే కారణము.

ముందుగ ఇవి ఎందుకు అరుగునో తెలిసికొనుడు. కమాను కట్ట బరువు పడినప్పుడు చదునగును, చదునైనప్పుడు దాని పొడవు కొంచెము పెరుగును. అందుచేత ఒక కొనను చాసిస్‌కు పిన్నుతో బిగించి, రెండవ కొనను షాకిల్ అను ఊగెడు పట్టీకి తగిలింతురు. దారిలోని ప్రతి గుంతకు ఈ పిన్నులు బుష్షులలో కదలుచునే యుండును. మన చెలక నేలల దుమ్ములో సన్నని ఇసుక ఉన్నది. గ్రీజు ఎండిన పిన్ను మీద అది చేరినచో ఆకురాయి వలె గీకును. అలంపురం వైపు నల్లరేగడి బురద గ్రీజు నిప్పిల్ మీద ఎండి గట్టిపడును. అప్పుడు గన్నుతో కొట్టిన గ్రీజు లోనికి పోక బయటనే కారిపోవును. జూరాల, నెట్టెంపాడు, కల్వకుర్తి కాలువల కట్టల మీది దారులు పంటకు మేలు చేసినవే గాని, కమాన్లకు కావు.

బరువు సంగతి లెక్క వేసి చూడుడు. కొనుగోలు కేంద్రములో వడ్ల బస్తా 40 కిలోలు. 750 కిలోలు మోయు చిన్న బండికి 18 బస్తాలు వేసిన 720 కిలోలగును. 30 బస్తాలు వేసిన 1,200 కిలోలు. బరువులో ఎక్కువ పాలు వెనుక ఇరుసు మీదనే పడుననుట నిజము. అయినను బ్రేకు వేసినప్పుడెల్ల అది ముందుకు త్రోయును, ఆ దెబ్బ ముందు పిన్నులే కాయవలెను.

అరుగుదలను చెవితో, చేతితో కనిపెట్టవచ్చును. చిన్న గుంతలో టకటక చప్పుడు, బ్రేకు వేయగనే బండి ఒక ప్రక్కకు లాగుట, టైరు ఒక అంచున మాత్రమే అరుగుట - వీనిలో ఏది కనబడినను పరీక్ష చేయవలెను. షాకిల్‌కును చాసిస్‌కును నడుమ గడ్డపార మొన పెట్టి మెల్లగ ఎత్తి చూడుడు. పిన్ను బుష్షులో ఎగిరెగిరి పడినచో బుష్షు పోయినట్లే. తరువాత చక్రమును నేల నుండి లేపి, పైనను క్రిందను పట్టి ఊపుడు. ఊగినచో ఒకరిని బ్రేకు త్రొక్కమని మరల ఊపుడు. బ్రేకు త్రొక్కగనే ఊగుట ఆగినచో లోపము చక్రము బేరింగులో ఉన్నది. ఆగనిచో కింగ్ పిన్ను లేక బాల్ జాయింటు అరిగినది. కుడి ఎడమలు పట్టి ఊపినప్పుడు ఆట కనబడిన, స్టీరింగు రాడ్ల కొనలను అనుమానింపవలెను.

విత్తన పత్తిలో పుప్పొడి అద్దు రోజులలో తెల్లవారకముందే కూలీలను ఈ బండ్లలోనే చేలకు చేర్చుచున్నారు. సరకు బండిలో మనుషులను ఎక్కించుట చట్టము ఒప్పదు, నేనును ఒప్పను. అరిగిన ముందు భాగముతో ఆ పని చేయుట మరింత తప్పు.

టాటా ఏస్ వలె ముందు ఇరుసుకు కమాన్లున్న బండికి పిన్నులు, బుష్షులు, షాక్ అబ్జార్బర్లు ఇంటివద్ద మార్చుకొనవచ్చును. చుట్ట స్ప్రింగులు గాని, టార్షన్ బారు గాని ఉన్న బండి అయినచో మీరు షాక్ అబ్జార్బర్లతోనే ఆగవలెను. అణచి యున్న స్ప్రింగు విడివడిన యెడల మనిషిని చంపగలదు.

పనికి సిమెంటు కల్లము మంచి చోటు. చెలకలో, రేగడిలో, వాలు మీద జాకీ వేయవద్దు. వెనుక చక్రములకు ముందు వెనుకల తుమ్మ మొద్దులు అడ్డు పెట్టి, చేతి బ్రేకు వేయుడు. జాకీతో లేపిన వెంటనే చాసిస్ క్రింద రెండు ప్రక్కల ఇనుప స్టాండ్లు నిలుపుడు. స్టాండ్లు దొరకనిచో మందపాటి కట్టె దిమ్మెలను అడ్డదిడ్డముగ పేర్చి ఆనించవచ్చును. ఇటుకలు, షాబాద్ బండలు వద్దే వద్దు. అవి చెప్పకుండ పగులును. ఊడదీసిన చక్రమును కూడ చాసిస్ క్రిందికి త్రోయుడు. క్రింద దూరకముందు బండిని చేతులతో గట్టిగ ఊపి చూడవలెను. అప్పుడు కదలినదే మేలు.

నట్లకు ముందునాటి సాయంత్రమే డీజిలు పూసి ఉంచిన తుప్పు సడలును. ఒక్కసారి ఒక ప్రక్కనే విప్పవలెను. రెండవ ప్రక్క ఇరుసును చోటు తప్పకుండ పట్టుకొని యుండును, బిగించునప్పుడు చూచుకొనుటకు నమూనాగను పనికివచ్చును. ఇరుసు క్రింద జాకీని ఆనించి, కమాను మీద ఒత్తిడి తగ్గిన పిమ్మట పిన్నులను తీయుడు. సుత్తితో నేరుగ కొట్టక నడుమ ఇత్తడి కడ్డీ పెట్టవలెను. ఇరుసు క్రిందికి జారి బ్రేకు గొట్టము మీద వ్రేలాడకుండ చూడుడు. కమానును పూర్తిగ దింపవలసి వచ్చినచో, ఇరుసుకును కమానుకును నడుమ ఏటవాలు పలక ఉన్న యెడల దాని మందపు వైపు ఎటున్నదో సుద్దతో గుర్తు పెట్టుకొనుడు. అది తిరగబడిన స్టీరింగు తేడా చేయును. మరల ఎక్కించునప్పుడు సెంటర్ బోల్టు తల ఇరుసు రంధ్రములో సరిగ కూర్చొనవలెను. యు బోల్టులు క్రొత్తవి వేసి, ఎదురుబొదురుగ కొంచెము కొంచెము బిగించవలెను.

బుష్షులు రెండు జాతులు. కంచు, ఉక్కు బుష్షులకు గ్రీజు ప్రాణము. రబ్బరు బుష్షులకు గ్రీజు, ఆయిలు తగులరాదు, రబ్బరు ఉబ్బి మెత్తబడును. దూర్చుటకు సబ్బు నీళ్లు చాలును. రబ్బరు బుష్షు బోల్టులను చక్రము గాలిలో నుండగ పూర్తిగ బిగించుట చాల మంది చేయు తప్పు. బండి నేలకు దిగగనే ఆ రబ్బరు మెలిపడి, నిలిచి యున్నప్పుడు కూడ మెలికలోనే ఉండి, త్వరగ చినుగును. వదులుగ ఎక్కించి, బండిని దింపి, నాలుగు సార్లు అణచి వదలి, బరువు చక్రముల మీద ఉండగనే కడపటి బిగింపు చేయవలెను. ఎంత బిగించవలెనో బండి పుస్తకములో ఉన్నది, దానినే పాటించవలెను. షాక్ అబ్జార్బర్లు ఎప్పుడును జతగనే మార్చవలెను.

కింగ్ పిన్ను, బాల్ జాయింటు, స్టీరింగు రాడ్ల పని వర్క్‌షాపుకే పంపుడు. వీనికి ప్రెస్సు, కొలతకు తగినట్లు రంధ్రము తీర్చు పనిముట్లు కావలెను. ఊడినచో చక్రము అదుపు తప్పును. మీరు చేసిన పని పిమ్మట కూడ బండిని మొదట ఖాళీగ ఊరి దారిలోనే నడిపి, బ్రేకులు చూచి, వంద కిలోమీటర్ల లోపు యు బోల్టులను మరల ఒకసారి బిగించి, చక్రముల అలైన్‌మెంటు చూపించవలెను. 44వ జాతీయ రహదారి మీద వేగముగ పరీక్ష చేయవద్దు.

గ్రామోద్యోగులకు ఒక మనవి. ఒక జత స్టాండ్లు, ఒక గ్రీజు గన్ను, ఒక టార్క్ రెంచి రైతు సంఘము కొని ఉంచినచో ఊరి బండ్లన్నిటికి సరిపోవును. రైతు వేదికలో ఒక పూట ఎవరైన మంచి మెకానిక్కును పిలిపించి, ఒక బండిని విప్పి చూపించిన మరియు మంచిది.

వేరుశనగ పీకుటకు ముందు ఒకసారి, వడ్ల తోలకము ముగిసిన పిమ్మట ఒకసారి, వాన బురదలో తిరిగిన వారమెల్ల మరొకసారి పిన్నులకు గ్రీజు పట్టించుడు. మొదట నిప్పిల్‌ను గుడ్డతో తుడిచి కొట్టవలెను. నల్లని పాత గ్రీజు బయటికి వచ్చి, దాని వెనుక క్రొత్త గ్రీజు కనబడు వరకు కొట్టవలెను. క్రొత్త బుష్షులు కొనబోవునప్పుడు పాతవానిని పారవేయక సంచిలో వేసికొని దుకాణమునకు తీసికొనిపోవుడు.