జారాలి... పట్టుకోవాలి!

బల్లమీద రెండు ఫ్యాన్లను ఎదురెదురుగా పెట్టి, ఒక్కదానికే కరెంటు ఇవ్వండి. దాని గాలికి రెండోది కూడా మెల్లగా తిరుగుతుంది. ఆటోమేటిక్ గేర్లున్న కారులో జరిగేది దాదాపు ఇదే. అక్కడ గాలికి బదులు నూనె వుంటుంది. ఇంజనుతో తిరిగే చక్రం నూనెను విసురుతుంది. ఆ విసురుకు ఎదుటి చక్రం తిరుగుతుంది.

ఈ నూనె పని అంతటితో తీరదు. పళ్ళచక్రాలు అరగకుండా కందెనగా వుండాలి. వేడిని మోసుకుపోవాలి. తన ఒత్తిడితో క్లచ్ పలకలను ఒకదానికొకటి నొక్కి గేరు మార్చాలి. ఆ పలకలు ఎప్పుడూ నూనెలోనే తడిసి వుంటాయి. చిక్కంతా ఇక్కడే! పళ్ళచక్రాల మధ్య జారుడు కావాలి, పలకల మధ్య పట్టు కావాలి. రెండు పనులూ ఒకే నూనె చెయ్యాలి.

ఆ పట్టు ఎలా వుండాలి? బరువైన పెట్టెను నేలమీద తోసి చూడండి. కదిలించడం కష్టం, కదిలాక తొయ్యడం తేలిక. అంటే, జారేటప్పటి ఘర్షణకంటే నిలిచి వున్నప్పటి ఘర్షణ ఎక్కువ. పలకలకూ అంతే. జారుడు ఆగే క్షణాన పట్టు హఠాత్తుగా పెరిగితే కారు కుదుపుతుంది. నూనెలో కొన్ని పదార్థాలు కలిపితే వాటి అణువులు లోహానికి అంటుకుని, మఖమలు గుడ్డమీది నూగులా నిలుస్తాయి. అప్పుడు గేరు మెత్తగా పడుతుంది.

1967లో అమెరికాలో రెండు కంపెనీలు రెండు దారులు పట్టాయి. జనరల్ మోటార్స్ ఇలాంటి పదార్థం కలిపిన 'డెక్స్‌రాన్' నూనెను తెచ్చింది. ఫోర్డ్ కంపెనీ 'టైప్ ఎఫ్' నూనెలో అది లేదు. పలకలు చప్పున పట్టుకోవాలని దాని ఉద్దేశం. ఎవరి నూనెకు తగ్గట్టు వారు పలకలు చేసుకున్నారు.

డెక్స్‌రాన్‌లో మొదట కలిపిన పదార్థం ఏమిటో తెలుసా? స్పెర్మ్ తిమింగలం నూనె! 1970లో అమెరికా ఆ తిమింగలాన్ని అంతరించిపోతున్న జంతువుల జాబితాలో చేర్చింది. ఆ నూనె వాడకం ఆగిపోయింది. రసాయన శాస్త్రజ్ఞులు దానికి బదులు కృత్రిమ పదార్థాలు తయారుచెయ్యవలసి వచ్చింది.

మరి, పాత కారుకు ఏ నూనె పొయ్యాలి? రంగు చూసి తేల్చలేం. రెండూ ఎరుపే. కారినప్పుడు ఇంజను నూనె కాదని గుర్తుపట్టడానికే ఆ రంగు. కారుతో వచ్చిన పుస్తకంలో నూనె పేరు వుంటుంది, అదే చూడాలి. 1967 నాటి ఫోర్డ్ మస్టాంగ్‌లో డెక్స్‌రాన్ పోస్తే, పలకలు ఎక్కువసేపు జారి, వేడెక్కి, మాడిపోవచ్చు. డెక్స్‌రాన్ కారులో టైప్ ఎఫ్ పోస్తే గేరు మారినప్పుడల్లా కుదుపే.

కొత్తది, ఖరీదైనది అయితే అన్నిటికీ పనికివస్తుందా? 2005లో వచ్చిన డెక్స్‌రాన్-6ను పాత డెక్స్‌రాన్‌లకు బదులు వాడవచ్చని కంపెనీ చెప్పింది. టైప్ ఎఫ్ అడిగే కారుకు మాత్రం అది పనికిరాదు. ఆ కారు పలకలకు ఇప్పటికీ ఆ పాత నూనే కావాలి.

ఆగి వున్న కారు కింద ఎర్రని నూనె చుక్కలు ఎప్పుడైనా కనిపిస్తే, అవి ఎక్కడివై వుంటాయో మీరు చెప్పగలరు కదూ?