ద్వీపములపై దిగుట - కెమేరా చేసిన సేవ

అల విరుగుచోట నీరు తక్కువయని తీరపు జాలరులకు వేరుగ చెప్పనక్కరలేదు. రెండవ ప్రపంచయుద్ధములో నౌకాదళములు ఈ విద్యనే కెమేరాతో సాధింపవలసి వచ్చినది.

శత్రువు కాచియున్న తీరమునకు పోయి త్రాడు వేసి లోతు కొలుచుట సులభము కాదు. అందుచే విమానములనుండి చిత్రములు తీసెడివారు. ఒకే తావును రెండు స్థానములనుండి తీసిన చిత్రములను జంటకటకముల ద్వారా చూచినచో మిట్టపల్లములు తెలియును. లోతు నెరుగుటకు అలలే సాధనము. నీరు పల్చనైన కొలది అల వేగము తగ్గును. నాలుగు మీటర్ల లోతున క్షణమునకు సుమారు 6 మీటర్లు సాగు అల, ఒక మీటరు లోతున 3 మీటర్లే సాగును. తెలిసిన వ్యవధిలో రెండు చిత్రములు తీసి, అల కదలిన దూరమును కొలిచి లోతును గణించెడివారు.

లోతు తెలియనిచో కలుగు ఫలము 1943 నవంబరు 20న పసిఫిక్ సముద్రములోని తరావాలో కనబడినది. విమానచిత్రములలో నీటిపై కట్టిన మరుగుదొడ్లను లెక్కించి అమెరికనులు శత్రుసంఖ్యను చాలవరకు సరిగా ఊహించిరి. కాని పోటు చాలక పడవలు పగడపుదిబ్బపై నిలిచిపోయెను. సైనికులు తుపాకిగుండ్ల నడుమ నీటిలో నడువవలసి వచ్చినది. మూడు దినములలో సుమారు వేయిమంది అమెరికనులు మరణించిరి. అచట తీసిన చలనచిత్రములో మృతులనుగూడ చూపుటకు అధ్యక్షుడు రూజ్వెల్టు అనుమతించెను.

మన బంగాళాఖాతమును యుద్ధము విడువలేదు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నము, కాకినాడలపై జపాను బాంబులు పడెను. 1945 జనవరి 3న మిత్రసేనలు బర్మా తీరపు అక్యాబులో దిగునప్పటికి శత్రువు ముందే వెడలిపోయి యుండెను. జనవరి 21న 26వ ఇండియన్ డివిజను సైనికులు రామ్రీ దీవిలో దిగిరి. ఆ అరకాను తీరయుద్ధములలో భారత నౌకలైన నర్బదా, జమునా పాల్గొనెను. నాటి చిత్రములు లండనులోని ఇంపీరియల్ వార్ మ్యూజియములో కలవు.

ఇట్టి చిత్రములు రెండు తెగలు. దిగుటకు ముందు తీసినవి రహస్యములు. అవి సైనికుని ప్రాణరక్షణకై పుట్టినవి. దిగునపుడు తీసినవానిలో పెక్కు ఇంటివద్ద నున్నవారి కొరకు. జయవార్త వినువారికి దాని వెల యెంతయో తెలుపుట వాని పని. ఏ యుద్ధచిత్రమును చూచినను, అది ఎవరికొరకు తీయబడెనో మొదట విచారించుట మేలు.