తోక ఊపింది కదా అని...

పొద్దున్నే నేరేడ్‌మెట్ నుంచి సఫిల్‌గూడ చెరువు వైపు వెళ్తే మనుషులతోపాటు వాకింగ్‌కి బయల్దేరిన కుక్కలూ ఎదురవుతాయి. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, బొచ్చుకుక్క, పగ్... దేని హోదా దానిదే. ఇక గేటు బయట వీధికుక్కలు, పిట్టగోడల మీద పిల్లులు సరేసరి. ‘కుక్క దగ్గరికి వెళ్లకు’ అని పిల్లల్ని కేకలేసే పెద్దలు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. అది ఏం చెబుతోందో చూడమనేవాళ్లే తక్కువ.

నిజానికి, చెప్పాపెట్టకుండా కరిచే కుక్కలు అరుదు. ముందు ముఖం పక్కకు తిప్పుకుంటుంది. ఎదురుగా తిండి లేకపోయినా ముక్కు నాక్కుంటుంది. నిద్ర రాకపోయినా ఆవులిస్తుంది. ఓరగా చూస్తుంటే కంట్లో తెల్లగుడ్డు నెలవంకలా కనిపిస్తుంది. ఒళ్లు కర్రలా బిగుసుకుంటుంది. ఇవేవీ మనం పట్టించుకోకపోతే అప్పుడు గుర్రుమంటుంది. వెంటనే మనం ‘నోర్ముయ్’ అంటూ ఒక్కటి తగిలిస్తాం. అక్కడే వస్తుంది చిక్కు. గుర్రుమనడమంటే ‘దూరంగా ఉండు’ అని మర్యాదగా చెప్పడం. దెబ్బలకు భయపడి ఆ మర్యాద మానేసిన కుక్క ఇంకోసారి నేరుగా పళ్లు దించవచ్చు.

‘మొరిగే కుక్క కరవదు’ అన్న సామెతను కూడా మరీ నమ్ముకోకండి. భయంతో మొరిగే కుక్కకు తప్పించుకునే దారి లేకపోతే కరవక ఏం చేస్తుంది? పిల్లలు ప్రేమకొద్దీ మెడచుట్టూ చేతులేసి వాటేసుకుంటారు. మనకది ముద్దు, చాలా కుక్కలకు ఊపిరాడని ఇరకాటం. తింటున్నప్పుడు, నిద్రపోతున్నప్పుడు, పిల్లలకు పాలిస్తున్నప్పుడు ఎంత పెంపుడు కుక్కనైనా ముట్టుకోకూడదు.

మరి తోక ఊపితే? సంతోషమే కావాలని లేదు. యజమానిని చూసినప్పుడు కుక్క తోక కుడివైపుకు ఎక్కువగా, పరిచయంలేని బలమైన కుక్క ఎదురైతే ఎడమవైపుకు ఎక్కువగా ఊగుతుందని ఇటలీ శాస్త్రవేత్తలు 2007లో గమనించారు. స్కేలు పెట్టి కొలవక్కర్లేదు గానీ, ఒళ్లంతా వదులుగా తిప్పుతూ ఊపితే స్నేహం. తోక నిటారుగా లేపి, ఒళ్లు బిగించి, చివర మాత్రమే ఆడిస్తుంటే ఆగిపోవడం మంచిది. 2003లో హచ్ ప్రకటనతో ఇంటింటికీ తెలిసిన పగ్ సంగతి వేరు. దాని తోక ఎప్పుడూ చుట్టుకునే ఉంటుంది, ముఖమంతా ముడతలే. పాపం, అది ఏం చెప్పాలన్నా కష్టమే!

పిల్లి భాష ఇంకోటి. తోక నిలువుగా ఎత్తి వస్తే పలకరింపు, టపటపా కొడితే చిరాకు. గుర్రుగుర్రుమంటూ ఒళ్లో పడుకుంటే హాయిగా ఉందనుకుంటాం. నొప్పిలో ఉన్న పిల్లి కూడా అలాగే గుర్రుమనొచ్చు.

బొచ్చు చెప్పే కబుర్లు

ఎండాకాలం రాగానే బొచ్చుకుక్కకు, హస్కీకి గుండు గీయించేవాళ్లున్నారు. చల్లగా ఉంటుందని! వాటికి రెండు పొరల బొచ్చు ఉంటుంది. పైది ఎండ నుంచి కాపాడుతుంది, లోపలి మెత్తటి పొర బయటి వేడిని చర్మందాకా రానివ్వదు. నున్నగా గొరిగితే చర్మం కమిలిపోవచ్చు, కొన్నిటికి మళ్లీ సరిగా మొలవదు కూడా. రోజూ దువ్వి ఊడిన బొచ్చు తీసేస్తే చాలు. కుక్క రొప్పుతూనే ఒళ్లు చల్లబరుచుకుంటుంది. అందుకే చప్పిడి ముక్కు పగ్‌కి మే నెల గండం.

బొచ్చు కళ తప్పితే ముందు కడుపులో నులిపురుగులు, తిండి సంగతి చూడాలి. దురద లేకుండా రెండు పక్కలా ఒకేలా ఊడుతుంటే హార్మోన్ల తేడా కావచ్చు. పిల్లి నడుము మీద బొచ్చు ఉండలు కట్టిందంటే అది తనను తాను నాక్కోలేకపోతోందన్నమాట. బరువు పెరిగిందా, కీళ్లు నొప్పా, పళ్లు నొప్పా అన్నది డాక్టరు తేల్చాలి. ఇక మూడు రంగుల పిల్లి గుమ్మంలోకొస్తే అది ఆడదేనని ధైర్యంగా పందెం కాయొచ్చు. నారింజ రంగు జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉండటమే దానికి కారణం. ఆ జన్యువు ఏదో జపాన్, అమెరికా శాస్త్రవేత్తలు 2025లో తేల్చారు.

మన ఊళ్లలో అసలు శత్రువు గోమారి. చెవి మడతల్లో, వేళ్ల సందుల్లో దాక్కుంటుంది. రక్తం తాగిన ఆడ గోమారి కిందపడి గోడ పగుళ్లలో వేల గుడ్లు పెడుతుంది. కుక్కకు ఎన్ని స్నానాలు చేయించినా మళ్లీ పట్టేది అందుకే. దానితో వచ్చే టిక్ ఫీవర్ రక్తంలో ప్లేట్‌లెట్లను పడగొడుతుంది. చిగుళ్లు పాలిపోవడం, ముక్కునుంచి రక్తం, తిండి మానేయడం కనిపిస్తే ఆలస్యం చేయొద్దు. వేలితో చిగురు నొక్కి వదలండి. రెండు సెకన్లలో మళ్లీ గులాబీ రంగు రావాలి.

కుక్కల కోసమని కొన్న పెర్మెత్రిన్ మందు పక్కనున్న పిల్లికి రాస్తే ప్రాణం పోవచ్చు. జ్వరమని ఇచ్చే పారాసిటమాల్ కూడా అంతే, పిల్లికి ఒక్క మాత్ర చాలు.

ఎంత జాగ్రత్తగా ఉన్నా కుక్క కరిస్తే పసుపు, కారం పూయొద్దు. సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు టీకాకు వెళ్లాలి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు. వీధికుక్క చెవికి చిన్న గాటు ఉందంటే దానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందని అర్థం. అంతమాత్రాన కాటుకు టీకా అక్కర్లేదనుకోవద్దు.

ఇక మగపిల్లి పదేపదే ఇసుక ట్రేలో కూర్చుని ముక్కుతూ, చుక్క మూత్రం కూడా పోయకపోతే మలబద్ధకమేలే అని వదిలేస్తారు చాలామంది. అది మూత్రనాళం పూడుకుపోవడం కావచ్చు, ఒకట్రెండు రోజుల్లో ప్రాణం తీస్తుంది. ఆదివారమైనా సరే, వెట్ ఆసుపత్రి తలుపు తట్టాల్సిందే.